జీడిపప్పు డ్రయ్యర్‌లో మేలుకొలుపు

ఈ మధ్య ఆడియో పిచ్చి పట్టిన కుర్రాళ్లు కొందరు నన్ను వెతుక్కుంటూ వచ్చి, "మాస్టారూ, పాత టేపులూ ఆంప్లిఫయర్ల గురించి తెలుసుకోవాలంటే ఏ ఫోరమ్‌లో చేరమంటారు?" అని అడుగుతున్నారు. ఆ మాట వినగానే నాకు చెవుల్లోంచి ఆవిరి వస్తుంది. మా ఆవిడ ఆ ఆవిరి మీద ఇడ్లీలు పెట్టొచ్చంటుంది. అయినా అడిగారు కాబట్టి చెబుతాను. తిట్లు మధ్యలో వస్తాయి, ఏరుకుని చదువుకోండి.

ఆమదాలవలసలో రైలు స్టేషనుకు వెళ్లే దారిలో నాకొక రిపేరు షాపు ఉండేది. టేపురికార్డర్లు, ఆంప్లిఫయర్లు, మైకుసెట్లు. షాపు పొడవు ఏడడుగులు, వెడల్పు నాలుగు. అందులో నేను, మా మావ, నూట నలభై రేడియోలు, ఏ రేడియోదో తెలియని ఒక బుట్టెడు స్క్రూలు సుఖంగా కాపురం ఉండేవాళ్లం. ధాన్యం లారీ వెళ్లిన ప్రతిసారీ పైనుంచి దుమ్ము రాలి, నేను విప్పిపెట్టిన సామాను మీద పంట వెయ్యడానికి సరిపడేంత మట్టి చేరేది. ముప్పై ఏళ్లు అలా గడిపి, యాభై ఆరేళ్లకు పోయినేడు షట్టరు దించేశాను. దించింది వయసు వల్ల కాదు. ఈ కథ వల్ల.

మా మావ అంటే మా అమ్మకు తమ్ముడు. ట్రాన్స్‌ఫార్మర్లు చుట్టడంలో ఆయన వేళ్లకు సాటి లేదు. వెంట్రుకలో సగం ఉండే రాగితీగను తెగకుండా వేల చుట్లు చుట్టి, చివర్న ఎన్ని చుట్లో తప్పు లేకుండా చెప్పేవాడు. ఆయనకున్న ఒకే ఒక్క దుర్గుణం వాసన చూడటం. నేను మీటరు పెట్టే లోపు ఆయన ముక్కు పెట్టేవాడు. "ఇది మాడిపోనాది, ఇది తడిసిపోనాది, ఇందులో బల్లి సచ్చిపోనాది" అని చెప్పేసేవాడు. నూటికి తొంభైతొమ్మిదిసార్లు బల్లే ఉండేది.

ఒక రోజు పొద్దున్నే శ్రీముఖలింగం నుంచి సంగీతం టీచరుగారు వచ్చారు. రిటైరైన మనిషి. నేను ఏడో తరగతి చదివేటప్పుడు ఒక్కసారి నా గొంతు విని, "నువ్వు వెనక బెంచీలో కూర్చుని కిటికీలోంచి చూసుకో నాయనా" అని నాకు సంగీతం నుంచి శాశ్వత విముక్తి ప్రసాదించినావిడ. ఆవిడతో పాటు ఆటోలోంచి ఒక స్పూలు టేపురికార్డరు దిగింది. దాని బరువు చూసి ఆటో నడిపే ఆయన మొహం కడుపునొప్పి వచ్చినట్టు అయిపోయింది. చేతిసంచిలో ఒక అట్టడబ్బా, అందులో సాసరంత టేపు చుట్ట.

"ఇందులో మా నాన్నగారు ఉన్నారురా" అన్నారు.

విషయం ఇది. వాళ్ల నాన్నగారు గుడిలో తెల్లారగట్ల మేలుకొలుపు పాడేవారు. అది వాళ్ల ఇంటి పెద్దలు కట్టుకున్న పాట. ఏ పుస్తకంలోనూ లేదు. ఐదు చరణాలు. ఆయన కొడుక్కి మాత్రమే నేర్పారు, కూతురికి కాదు. కూతురు వంటింటి తలుపు వెనక నిలబడి నాలుగు చరణాలు దొంగతనంగా నేర్చేసుకుంది. ఐదోది మొదలయ్యేసరికి రోజూ బడికి టైమైపోయేది. అన్నగారు ఎవరికీ నేర్పకుండానే పోయారు. ఇప్పుడు ఆవిడ దగ్గర ఆరుగురు ఆడపిల్లలు ఆ పాట నేర్చుకుంటున్నారు.

"నాలుగు చరణాలకే దేవుణ్ణి లేపి కూర్చోబెట్టేస్తున్నాంరా. ఐదోది నాన్నగారు పాడింది దీన్లోనే ఉంది. ఇంకెక్కడా లేదు. చూడు, నీకు చేతకాకపోతే రాదని ఇప్పుడే చెప్పేయి. నాకేం కోపం రాదు. విశాఖపట్నం పట్టుకెళ్తాను."

"వస్తుందండీ" అన్నాను. నా జీవితంలో అంత తొందరగా ఇంకే జవాబూ చెప్పలేదు. బళ్లో చెప్పనివన్నీ కలిపి ఆ ఒక్కసారే చెప్పినట్టున్నాను.

మిషను బాగుచేయడం నాలుగు రోజుల పని. బెల్టు మార్చాను, టేపును తాకి పాటను చదివే హెడ్డు తుడిచాను. టేపు ఎక్కించి నొక్కాను. ఐదు సెకన్లు తిరిగింది. ఎవరో దుప్పట్లో మొహం పెట్టుకుని చివర్నుంచి వెనక్కి పాడుతున్నట్టు ఒక గొంతు, దాని మీద కీచుమని ఒక అరుపు. వెంటనే ఆపేశాను. మావ ఆ చుట్టను అందుకుని అలవాటు ప్రకారం ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"ఒరే అల్లుడూ, ఇదేటిరా పుల్లగా కొడతన్నాది? పచ్చడి జాడీ మూత తీసినట్టున్నాది."

"టేపుకి పులుపేటి మావా! నీ ముక్కు ముసలిదైపోయింది."

"నా ముక్కు ముసిల్దే. పులుపు పులుపే."

మావ మాట వినకుండా నేను ఫోన్ తీశాను. ఇక్కడి నుంచి నా కోపం మొదలవుతుంది.

ఆ ఫోరమ్ నాకు అంతకు కొన్ని నెలల ముందు దొరికింది. ఒక పాత ఆంప్లిఫయరు సర్క్యూటు బొమ్మ కోసం వెతుకుతూ వెతుకుతూ అందులోకి జారిపడ్డాను. ఉన్నమాట చెప్పాలి, అడిగిన అరగంటకి దేశం అవతలి చివర ఉన్న ఒక మహానుభావుడు ఆ బొమ్మ పంపించాడు. ముప్పై ఏళ్లుగా ఏడడుగుల గదిలో నేనూ మావా తప్ప ఈ పిచ్చి ఇంకెవరికీ లేదనుకుంటున్నవాణ్ణి. వేలమంది మావల్ని ఒక్కసారిగా చూసేసరికి కళ్లు చెమర్చాయి.

తర్వాత తెలిసింది, వాళ్లకు మావకున్న ముక్కు లేదని.

అక్కడ ప్రతివాడి పేరు కిందా ఎన్ని పోస్టులు రాశాడో అంకె ఉంటుంది. ఆ అంకే కులం, ఆ అంకే గోత్రం. వంద లోపు ఉన్నవాడు గుమ్మం బయట చెప్పులు విడిచి నిలబడాలి. ప్రశ్న అడిగితే "ముందు వెతికి చూశావా?" అంటారు. వెతికి పాత చర్చలో అడిగితే "చచ్చిన చర్చను ఎందుకు లేపావు?" అంటారు. ఒకాయన గోడకున్న ప్లగ్గు నుంచి ఆంప్లిఫయరు దాకా కరెంటు తీగ మార్చాడట, దాంతో వీణ వాయించినావిడ గోరింటాకు పెట్టుకుందో లేదో వినిపించేస్తోందట. దాని మీద నలభై పేజీల యుద్ధం. మా ఊళ్లో వారంలో సగం రోజులు ప్లగ్గులో కరెంటే ఉండదని రాద్దామనుకున్నాను. నా అంకె అప్పటికి పదకొండు. నోరు మూసుకున్నాను.

పన్నెండో పోస్టుగా టీచరుగారి టేపు సంగతి రాశాను. ఎమ్మార్వోకి అర్జీ రాసినట్టు గౌరవసభ్యులందరికీ దండాలు పెట్టి, కీచుమంటోందని చెప్పి, ఫోటో పెట్టాను. ఫోటో దేనికి తీశానో జాగ్రత్తగా వినండి. డబ్బాకి. డబ్బా మీద కంపెనీ పేరు, రకం నంబరు అన్నీ అచ్చు వేసి ఉన్నాయి కదా, ఎంత తెలివైనవాణ్ణో అనుకున్నాను. టేపు చుట్టకు తీయలేదు.

పది నిమిషాల్లో ఆరువేల పోస్టులాయన దిగాడు. ఫోరమ్ మొత్తానికి ఆయన పెద్దకాపు. "ఈ రకం టేపు సంగతి లోకానికంతా తెలుసు. లోపలి జిగురు తేమ పీల్చుకుంటుంది. ఓవెన్‌లో యాభై నాలుగు డిగ్రీల మీద ఎనిమిది గంటలు పెట్టండి. కొత్తదానిలా పాడుతుంది." దానికి ఇరవై మూడు లైకులు పడ్డాయి. ఆ తర్వాత యాభై నాలుగా, యాభై రెండా అని పదకొండు పేజీలు కొట్టుకున్నారు. ఓవెనా, పళ్లు ఎండబెట్టే పెట్టా అని ఇంకో ఆరు పేజీలు. నేను లైకులు లెక్కపెట్టుకుంటూ, పరిశోధనాపత్రం సమర్పించినవాడిలా షాపులో అటూ ఇటూ తిరిగాను. నాలుగడుగుల వెడల్పులో అటూ ఇటూ తిరగడమంటే ఏమిటో ఊహించుకోండి.

యాభై నాలుగు డిగ్రీలు ఎనిమిది గంటలు కదలకుండా నిలబెట్టే ఓవెన్ మన దగ్గర ఎవరికుంది? మావ చుట్టం ఒకాయన పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. పప్పు మీది పొట్టు ఊడిరావడానికి వేడిగాలిలో ఎండబెట్టే పెద్ద డ్రయ్యర్ అక్కడుంది. బీరువా అంత తలుపు, లోపల ట్రేలు, బయట డిగ్రీలు చూపించే మీటరు. ఆదివారం పని తక్కువగా ఉంటుంది రమ్మన్నాడు.

రైల్లో మావ ఒక్కటే అడిగాడు. "ముందొక జానెడు ముక్క కోసి ఎండబెట్టి సూడరాదేట్రా?"

"ఆరువేల పోస్టులాయన చెప్పాడు మావా."

"ఆయన టేపు సూసినాడేటి?"

"చూడక్కర్లేదు. ఆయనకి తెలుసు."

"అలగా. నాకు సూసినా తెల్డం లేదు, ఆయనకి సూడకుండానే తెలిసిపోతన్నాది. గొప్పోడే."

పొద్దున్న ఎనిమిదికి ట్రేలో పప్పు తీసేసి టేపు పెట్టాం. పప్పు గ్రేడింగు చేస్తున్న ఆడవాళ్లు మా చుట్టూ చేరారు.

"ఏటి బాబూ, పాటలు యేపుకుంటన్నారా?"

"ఉప్పూ కారం ఎయ్యమంటారేటి?"

"ఒసే, ఊరుకోయే. ఆయన సదువుకున్నోడు. టేపు గుల్లయిపోతే మనకీ నాలుగు ముక్కలెడతాడు."

సాయంత్రం నాలుగింటికి తలుపు తీశాం. కమ్మటి జీడిపప్పు వాసన. ఆ వాసన ఇప్పటికీ నా ముక్కులోంచి పోలేదు. పెళ్లిళ్లలో జీడిపప్పు పాకం పెడితే విస్తరి వదిలి లేచిపోతున్నాను.

చుట్ట అంచులు పైకి లేచి, నూనెలో పడ్డ అప్పడంలా మెలికలు తిరిగి ఉన్నాయి. కొస పట్టుకున్నాను. వేలెడు ముక్క నా చేతిలోకి విరిగి వచ్చేసింది. టేపు సాగాలి, లేదా తెగాలి. ఇది విరిగింది. మావ చుట్టను రెండు అరచేతుల్లో పట్టుకుని కిటికీ దగ్గరకు వెళ్లి వెలుతురుకు ఎత్తాడు.

"ఒరే, దీన్లోంచి బయటున్న సెట్టు కనిపిస్తన్నాదిరా. ఎర్రగా."

అప్పుడు ఫోన్ తీసి, ఆ పదిహేడు పేజీలూ మొదటిసారి ఆసాంతం చదివాను. నాలుగో పేజీలో, డిగ్రీల యుద్ధం మధ్యలో, మూడంటే మూడే పోస్టులు రాసిన ఒక మనిషి ఇలా రాశాడు: "డబ్బా కాదు, టేపు చూపించండి. చుట్టను దీపానికి అడ్డంగా పట్టుకుంటే వెలుతురు కనిపిస్తోందా? పుల్లటి వాసన ఉందా? ఉంటే అది పాతకాలపు రకం, దయచేసి వేడి పెట్టకండి, చచ్చిపోతుంది." దాని కింద ఎవడో "ముందు రూల్సు చదువుకో" అని రాశాడు. లైకులు సున్నా. పలాస రాకముందే నేను దాన్ని చూశాను. లైకులు లేవని దాటేశాను.

మావ ముక్కు షాపులో చెప్పింది, మూడు పోస్టులాయన నాలుగో పేజీలో చెప్పాడు. ఇద్దరినీ కాదని పెద్ద అంకె ఉన్నవాడి మాట విన్నాను.

మర్నాడు శ్రీముఖలింగం వెళ్లి టీచరుగారికి చెప్పాను. ఆవిడ అరుగు మీద కూర్చుని మొత్తం విన్నారు. తిడతారనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

"ఆ డబ్బా నాన్నగారిది కాదురా" అన్నారు. "పాత డబ్బా ఎలకలు కొట్టేస్తే, నేను బళ్లో పిల్లల నాటకాలకని కొన్న టేపు డబ్బాలో పెట్టాను. అడిగితే చెప్పేదాన్ని కదా."

"ఎవరూ అడగమనలేదండీ."

"అంతమందిలో ఒక్కడూ అడగమనలేదా?"

"ఒకాయన టేపు చూపించమన్నాడు."

"చూపించావా?"

నేను జేబులోంచి విరిగిన వేలెడు ముక్క తీసి అరుగు మీద పెట్టాను.

"మరి ఇందాకట్నుంచి వాళ్లని తిడుతున్నావేం?" అన్నారు.

సరే, నన్ను తిట్టుకోవడం నాకు బాగానే వచ్చు. కానీ వాళ్లనూ వదల్లేదు. జరిగింది జరిగినట్టు రాసి, విరిగిన టేపు ఫోటో పెట్టాను. ఆరువేల పోస్టులాయన వెంటనే జవాబిచ్చాడు: "మీరు పెట్టింది డబ్బా ఫోటో. నేను డబ్బాకే సలహా ఇచ్చాను." అక్షరం అక్షరం నిజం. నిజం అంత దుర్మార్గంగా ఉండగలదని నాకు అంతకుముందు తెలియదు. అడ్మిన్ వచ్చి, వాతావరణం చెడుతోందని చర్చకు తాళం వేశాడు. ఎవరి వాతావరణం? ఎనిమిది గంటలు యాభై నాలుగు డిగ్రీల్లో ఉన్నది వాళ్లా?

ఆ కాల్చమన్న సలహా మాత్రం ఇరవై మూడు లైకులతో ఇప్పటికీ పైనే వెలుగుతోంది. నా హెచ్చరిక కింద మూసిన తలుపు వెనక ఉంది. రేపు ఇంకెవరో వెతుక్కుంటూ వస్తారు, వాళ్లకు పైనున్నదే కనబడుతుంది. అందుకే చుట్టను దీపానికి ఎదురుగా పట్టుకున్న ఫోటో నెలనెలా కొత్త చర్చగా పెడుతున్నాను. వాళ్లు తీసేస్తున్నారు, నన్ను గెంటేస్తున్నారు. నా పేరున, మావ పేరున, మా ఆవిడ పేరున, మా వియ్యంకుడి పేరున చేరాను. ఇక మా వీధిలో పేర్లు అయిపోతే పొరుగు వీధికి వెళ్తాను.

చర్చకు తాళం వేసిన రోజే మూడు పోస్టులాయన నుంచి విడిగా ఒక ఉత్తరం వచ్చింది. తిట్లు లేవు, చెప్పాను కదా అన్న మాట లేదు. "టేపు పారేయకండి. మిషనుతో వెనక్కి తిప్పకండి, చేత్తో తిప్పండి. రోజులు పట్టినా ఫరవాలేదు. వంకర పోయినచోట మెత్తటి గుడ్డతో హెడ్డుకు ఆనించి పట్టుకోండి. ఒక్కసారే నడుస్తుంది, మొదటిసారే రికార్డు చేసుకోండి."

ఇంకో కష్టం ఉంది. టేపు చివరిసారి విన్నాక ఎవరూ వెనక్కి చుట్టలేదు. అంటే పాట చివర చుట్టకు పైపొరల్లో ఉంది. డ్రయ్యర్‌లో ఎక్కువ కాలింది పైపొరలే. మాకు కావలసిన ఐదో చరణం అక్కడే ఉంది.

మూడు రోజులు చేత్తో తిప్పాం. టీచరుగారు షాపులో స్టూలు వేసుకుని కూర్చునేవారు. మావ తిప్పేవాడు, నేను విరిగినచోటల్లా అతికేవాణ్ణి. మావ వేళ్లు లేకపోతే మొదటి గంటలోనే అంతా పొడుమైపోయేది. లారీ చప్పుడు వినబడితే చాలు, ముగ్గురం ఊపిరి బిగబట్టి ఆగిపోయేవాళ్లం.

నాలుగో రోజు పొద్దున్న ఎక్కించాం. మావ పాత పంచె అంచు ముక్క వేలికి చుట్టుకుని టేపును హెడ్డుకు ఆనించాడు. నేను రికార్డింగు నొక్కాను. కీచు లేదు. నాన్నగారు వచ్చేశారు. చల్లటి గొంతు, తంబూరా, ఎక్కడో దూరంగా గంట. మొదటి చరణం, రెండోది, మూడోది. టీచరుగారి పెదవులు కూడా కదులుతున్నాయి. నాలుగోది అయ్యేసరికి ఆవిడ పెదవులు ఆగిపోయాయి. అక్కడి నుంచి ఆవిడకు రాదు.

ఐదో చరణం మొదటి పాదం వణుకుతూ వచ్చింది. రెండో పాదం మొదలైంది. మావ వేలి కింద చిన్న చప్పుడు. టేపు తెగలేదు, దాని మీది మట్టిరంగు పూత మొత్తం పొలుసులా లేచి గుడ్డకు అంటుకుపోయింది. ఖాళీ ప్లాస్టిక్కు రిబ్బను హెడ్డు ముందునుంచి మౌనంగా వెళ్లింది. ఆ తర్వాత మూడో పాదం మళ్లీ వచ్చింది. చివరిదాకా వచ్చింది.

"పోనాది" అన్నాడు మావ, గుడ్డను చూసుకుంటూ. ఆ గోధుమరంగు మరకలో ఒక మనిషి పాడిన పాదం ఉంది. ఆయన దాన్ని వాసన చూడలేదు.

ఆ వారమే షట్టరు దించాను.

పాపం మూసిపెట్టుకోలేక ఒకసారి టీచరుగారితో అన్నాను. "మొదటి పాదం ఉంది, మూడోది ఉంది. మధ్యలో మీకు తోచినట్టు ఒక వరస పెట్టేయకూడదాండీ? ఎవరికీ తెలియదు."

"నాకు తోచింది మా నాన్న పాడలేదురా" అన్నారు.

మొన్న శ్రీముఖలింగంలో ఆ ఆరుగురు పిల్లలూ పాట మొత్తం పాడుతున్నారని పిలిస్తే వెళ్లాను. మావ కూడా వచ్చాడు. నాలుగు చరణాలు గలగలా పాడేశారు. ఐదోదానిలో మొదటి పాదం అయింది. అందరూ నోళ్లు మూసుకున్నారు. ఆరుగురి అరచేతులూ తొడల మీద తాళం వేస్తూనే ఉన్నాయి. ఆది తాళం, ఒక ఆవర్తనం, ఎనిమిది దెబ్బలు. ఆ తర్వాత మూడో పాదం అందుకున్నారు. టీచరుగారు అలాగే నేర్పారు, ఆ పిల్లలు రేపు వాళ్ల పిల్లలకూ అలాగే నేర్పుతారట.

ఎనిమిది దెబ్బలంటే ఎంతసేపు అనుకుంటున్నారు? నేను చెబుతాను. ఆమదాలవలసలో రైలెక్కి గజపతినగరం చేరి, తిరిగి వచ్చి, మళ్లీ వెళ్లొచ్చు. ఆ ఎనిమిదింటిలో ఆరువేల పోస్టులాయన్ని తిట్టాను, అడ్మిన్‌ని తిట్టాను, ఇరవై మూడు లైకుల వాళ్లను పేరుపేరునా తిట్టాను. ఇంకా రెండు దెబ్బలు మిగిలిపోయాయి.

పాట అయ్యాక వాళ్లలో చిన్నపిల్ల వచ్చి, "అక్కడ ఎందుకు పాడకూడదు మామ్మగారూ?" అని అడిగింది. టీచరుగారు నా వైపు చెయ్యి చూపించారు.

"ఆయన్నడుగు. ఆ ముక్క ఆయన చేసిందే."